పత్రికలకు కవితలు పంపితే జవాబే రావడం లేదు, అసలు ఎలా పంపాలి? (వరంగల్)

పరకాల పిలగాడు:

అన్నలకు, అక్కలకు, సార్లకు నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. డిగ్రీ అయిపోయింది, హన్మకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నా. ఇంటర్ నుంచి కవితలు రాస్తున్నా. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతికి కాలేజీలో చదివితే అందరూ మెచ్చుకున్నారు, ఫేస్‌బుక్‌లో పెడితే ఫ్రెండ్స్ బాగుందంటారు, కానీ నాకు ముఖం కూడా తెలియని ఒక ఎడిటర్ చదివి "ఇది వేస్తాం" అనాలని ఉంది. పేపర్ల సోమవారం సాహిత్యం పేజీలకు, రెండు మూడు మాసపత్రికలకు పంపాను. ఎవరూ బాగుందనలేదు, బాగాలేదని కూడా అనలేదు. అసలు చూశారో లేదో తెలియక టెన్షన్‌గా ఉంది.

హైదరాబాద్‌లో పరిచయాలుంటేనే వేస్తారని మా రూమ్మేట్ అంటున్నాడు, నిజమేనా? ఇంకోటి, నేను మా ఇంట్లో మాట్లాడే భాషలోనే రాస్తా, అట్లా రాస్తే పక్కన పెడతారా? ఒకాయన ఫోన్ చేసి సంకలనం వేస్తున్నాం, ఐదు వందలు పంపితే నీ కవిత, ఫొటో వేసి ప్రశంసాపత్రం ఇస్తాం అంటున్నాడు, పంపాలా?

ఒక కవిత కింద పెడుతున్నా. మొహమాటం లేకుండా చెప్పండి.

జెండా పాట

ఎనుమాముల యార్డుల
మిర్చి బస్తాల మీద తల పెట్టి
నాయిన పండుకున్నడు

పక్క కుప్ప ములుగు దిక్కాయన
సగం దుప్పటి ఇటు జరిపిండు
ఇద్దరి దగ్గు ఒక్కటే తీరు

పొద్దుగాల జెండా పాట అయినంక
సేటు గుప్పెడు కాయ తీసి విరిచి
తాలు అన్నడు
నాయిన ఆ కాయ దిక్కే చూసిండు
అమ్మ ఏరిన కాయ అది

రైతే రాజన్న నాయకులారా
ఎక్కడుందో చెప్పండి ఆ రాజ్యం
కష్టానికి విలువ లేని ఈ లోకంలో
రైతు కన్నీరు తుడిచేదెవరు?

సుబేదారి పాఠకుడు:

తమ్ముడూ, ఒక చిన్న పత్రికకు వచ్చే కవితలు చదివి వేరుచేసే పని కొన్నేళ్లు చేశాను, అందుకే కాస్త వివరంగా చెప్తా.

ముందు జవాబు రాకపోవడం గురించి. పేపర్‌లో సాహిత్యం పేజీ వారానికి ఒక్కటే. అందులో వ్యాసం, పుస్తక సమీక్ష, సభల కబుర్లు పోగా కవితకు మిగిలేది ఒక మూల. వారానికి ఒకటో రెండో వేస్తారనుకుంటే ఏడాదికి 50 నుంచి 100 కవితలు, అంతే. రెండు రాష్ట్రాల నుంచీ వచ్చేవన్నీ ఆ చోటు కోసమే. ఆ పేజీ చూసేది చాలాచోట్ల ఒక్క మనిషి, ఆయనకు వేరే డ్యూటీలు కూడా ఉంటాయి. అందరికీ జవాబు రాసే తీరిక ఉండదు. కాబట్టి మౌనాన్ని "నీ కవిత పనికిరాదు" అని చదువుకోకు. పంపిన తేదీ రాసి పెట్టుకో, మూడు నెలలు చూడు, రాకపోతే అది నీ చేతికి తిరిగొచ్చినట్టే లెక్క, ఇంకో చోటికి పంపు.

పరిచయాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. తెలిసినవాళ్ల కవితను ఎడిటర్ ముందు తెరుస్తాడు, కాదనను. కానీ కొత్త పేరు మీద మంచి కవిత దొరికితే ఆ టేబుల్ దగ్గర కలిగే ఆనందం వేరు, పక్కనున్న వాళ్లను పిలిచి చదివి వినిపిస్తాం. ఆ ఆనందం కోసమే చాలామంది జీతం లేకుండా చిన్న పత్రికలు నడుపుతారు. హైదరాబాద్‌లో ఉండాలన్నది కూడా నిజం కాదు. 1966లో సృజన మొదలైంది మన ఊరి నుంచే, హన్మకొండలో కూర్చుని నడిపిన ఆ పత్రికను మొత్తం తెలుగు నేల చదివింది. అంతకు ముందు, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను చూపించారు. వాళ్లలో చాలామందివి పల్లెటూళ్లే, మీ ఊరి లాంటివే.

నువ్వు చేయాల్సిన మొదటి పని పంపడం కాదు, చదవడం. ఆంధ్రజ్యోతి వివిధ, నమస్తే తెలంగాణ చెలిమె, నవతెలంగాణ దర్వాజ, ఈ పేజీలు ఈ-పేపర్‌లో దొరుకుతాయి. రెండు నెలల పేజీలు ముందేసుకుని ఒక్కో కవిత ఎన్ని లైన్లుందో, వస్తువు ఏమిటో, ఎలా ముగిసిందో చూడు. ఒక్కో పేజీకి ఒక్కో రుచి ఉందని నీకే తెలుస్తుంది. మాసపత్రికల్లో పాలపిట్ట, అరుణతార, వీక్షణం కూడా చూడు. విప్లవ సాహిత్యం వేసే అరుణతారకు పంపే కవితను ఇంటిల్లిపాదీ కాలక్షేపానికి చదివే స్వాతికి పంపితే ఏం లాభం? నా దగ్గరికి వచ్చినవాటిలో సగానికి సగం మా పత్రికను ఒక్కసారి కూడా తిరగేయని వాళ్లవే అని రెండు నిమిషాల్లో అర్థమయ్యేది. మనసు చివుక్కుమనేది, ఎందుకంటే వాటిలో కొన్ని నిజంగా బాగుండేవి, వేరే పత్రికకు పోతే అచ్చయ్యేవి.

పత్రికలు కొనడానికి డబ్బు లేకపోతే జిల్లా గ్రంథాలయానికి వెళ్లు. హన్మకొండలో 1904 నాటి రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది, చదువుకునేవాడివి ఒక్కసారైనా ఆ మెట్లెక్కి రావాలి.

ఇక పంపే పద్ధతి. యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో మామూలుగా కొట్టే తెలుగు అక్షరాల్లో, టైప్ చేసిన వర్డ్ ఫైల్ పంపాలి. కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్ చేస్తే దాన్ని మళ్లీ టైప్ చేసే ఓపిక ఎవరికీ లేదు. పేపర్ వాళ్లు పేజీ పెట్టేది చాలావరకు "అను" అనే వేరే రకం ఫాంట్లలో, నీ యూనికోడ్‌ను అందులోకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు, పొల్లులు చెదిరిపోతాయి, పాదాలు కలిసిపోతాయి. అందుకే పక్కన పీడీఎఫ్ కూడా పెట్టు, డీటీపీ చేసేవాళ్లు దాన్ని చూసి సరిచేసుకుంటారు. మెయిల్ సబ్జెక్ట్‌లో "కవిత", దాని పేరు, నీ పేరు, ఊరు. లోపల రెండే రెండు వాక్యాల పరిచయం, ఫోన్ నంబరు, పోస్టల్ అడ్రస్, కింద హామీపత్రం: ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, వేరే ఎక్కడా పరిశీలనలో లేదు. ఒకసారికి ఒకటి, మహా అయితే రెండు కవితలు. పది పంపితే ఏదో ఒకటి నచ్చుతుందనుకుంటారు కానీ చదివేవాడు మూడో దానికే అలసిపోతాడు. న్యూస్ పేపర్ కాలమ్ సన్నగా ఉంటుంది కాబట్టి పాతిక ముప్పై లైన్లు దాటిన కవిత ఎంత బాగున్నా చోటు దొరకడం కష్టం, అలాంటివి మాసపత్రికలకో వెబ్ పత్రికలకో ఉంచుకో.

నీ కవిత గురించి ఒక్కటే మాట: నాన్న ఆ కాయ దిక్కు చూసిన చోట నాకు గొంతు పట్టేసింది. చివరి నాలుగు లైన్లు తీసెయ్.

జనగామ టీచర్:

తమ్మీ, ఆ నాలుగు లైన్లు ఎందుకు తీసెయ్యాలో నేను చెప్తా, సార్ ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు.

పై మూడు భాగాల్లో మాట్లాడుతున్నది ఒక కొడుకు. వాడు మార్కెట్ యార్డులో ఉన్నాడు, చూస్తున్నాడు, వాడి మాట "పండుకున్నడు, జరిపిండు". నాలుగో భాగంలో వాడు లేడు, మైకు పట్టుకున్న ఎవరో వచ్చారు, భాష కూడా మారిపోయింది, "నాయకులారా, చెప్పండి, లోకంలో" అని. నువ్వు అక్కడ రెండు యాసలు కలిపావని నీకే తెలియకపోవచ్చు, ఎందుకంటే ఆ లైన్లు నీ లోపలి నుంచి రాలేదు, నువ్వు విన్న సభల నుంచి వచ్చాయి. రైతు కన్నీరు ఎవరు తుడుస్తారని అడిగే కవితలు ఎడిటర్ దగ్గరికి రోజూ వస్తాయి. పక్క కుప్ప ఆయన సగం దుప్పటి జరపడం, మిర్చి ఘాటుకు ఇద్దరూ ఒక్కతీరుగా దగ్గడం, ఇది యార్డులో రాత్రి పడుకున్నవాడికే తెలుస్తుంది. నీ దగ్గర ఉన్న సొమ్ము అదే.

ఇంకో విషయం, జెండా పాట అని పేరు పెట్టావు కానీ కవితలో దాన్ని ఒక్క లైన్‌లో దాటేశావు. మన దిక్కు వాళ్లకు తెలుసు, పొద్దున మొదట వేలంపాట పెట్టి ఒకరి సరుకుకు రోజు మొత్తంలో పెద్ద ధర పలుకుతారు, తెల్లారి పేపర్లో వచ్చేది ఆ ధరే, మిగతా అందరికీ దక్కేది దానికంటే ఎంతో తక్కువ. ఒంగోలులోనో విశాఖలోనో చదివేవాళ్లు జెండా పాట అంటే జెండా పండుగ నాడు పాడే పాట అనుకునే ప్రమాదం ఉంది. కింద ఫుట్‌నోట్ వేయొద్దు, కవిత లోపలే తెలిసేటట్టు ఒక లైన్ రాయి. ఆ ధర ఎవరికో పలికింది, నాయిన దాకా రాలేదు. అసలు అన్యాయం అక్కడుంది కదా, దాన్ని వదిలి నాయకులను ఎందుకు పిలుస్తున్నావు?

యాస గురించి అసలు భయపడకు. కాళోజీ పుట్టినరోజునే తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, తగుళ్ల గోపాల్ కవిత్వం దండకడియానికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పల్లె పలుకు ఇప్పుడు అడ్డు కాదు. కానీ ఒక కవితలో ఒకటే పలుకు ఉండాలి. "ఉన్నడు" అని మొదలుపెట్టి కింద "ఉన్నాడు" అంటే తప్పు పడిందనుకుని ప్రూఫ్ చూసేవాళ్లు అన్నింటినీ "ఉన్నాడు" చేసేస్తారు. నా కవిత ఒకటి అట్లాగే అచ్చయింది, మా అమ్మ మాట్లాడిన మాటలన్నీ పాఠ్యపుస్తకంలా మారిపోయి కనిపించాయి, ఆ పేపర్ ఇంట్లో ఎవరికీ చూపించబుద్ధి కాలేదు. అప్పటి నుంచి మెయిల్‌లో ఒక వాక్యం రాస్తున్నా: "కవితలోని మాండలికం కావాలని రాసినది, దయచేసి మార్చకండి." రాసిన ప్రతిసారీ పాటించారు.

భూపాలపల్లి బొగ్గుబాయి:

నాకు మాత్రం ఈ పత్రికల వెంట పడటం ఎందుకో అర్థం కాదు బ్రో. షిఫ్ట్ దిగి రాత్రి ఒక కవిత ఫేస్‌బుక్‌లో పెడితే తెల్లారేసరికి మా బొగ్గుబాయి మీద పనిచేసేవాళ్లు, గల్ఫ్‌లో ఉన్న మా బావమరిది, అందరూ చదువుతారు, కింద వాళ్ల మాట చెప్తారు. సోమవారం పేజీ మా కాలనీలో ఎంతమంది తెరుస్తారు? కవిసంగమం అనే కవిత్వం గ్రూప్ 2012లో ఫేస్‌బుక్‌లోనే మొదలైంది, అక్కడ రాసి పుస్తకాలు వేసినవాళ్లు ఎంతమంది లేరు. మూడు నెలలు ఎవరి మెయిల్ కోసమో కూర్చునే బదులు నీ మనుషులకు నువ్వే చదివించుకో.

సుబేదారి పాఠకుడు:

మీరు చెప్పింది చిన్న విషయం కాదు, బాయి మీద పనిచేసేవాళ్లు కవిత చదివి మాట చెప్పడం కంటే ఏ కవికైనా ఏం కావాలి. కవిసంగమం వల్ల కొత్త తరం ఒకటి తయారైందన్నదీ నిజమే. కానీ ఈ తమ్ముడు అడిగింది వేరు. తెలిసినవాళ్లు మనిషిని చూసి కవిత చదువుతారు, తెలియని ఎడిటర్ కవిత మాత్రమే చదువుతాడు. ఆ చదువు కావాలని అతనికి అనిపించింది, అది న్యాయమైన కోరికే.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. చాలా వెబ్ పత్రికలు ఫేస్‌బుక్‌లో, బ్లాగులో పెట్టినదాన్ని అచ్చయినట్టే లెక్కేస్తాయి. కాబట్టి పత్రికకు పంపాలనుకున్న కవితను ముందు వాల్ మీద పెట్టకు. ఇప్పటికే పెట్టినవి ఉంటే తీసేసి కొత్తదని చెప్పకు, పెట్టిన సంగతి మెయిల్‌లో రాయి, వేసుకునేవాళ్లు వేసుకుంటారు. హామీపత్రం మీద ఒకసారి నమ్మకం పోతే ఎడిటర్లు గుర్తుపెట్టుకుంటారు, ఈ లోకం చాలా చిన్నది.

వెబ్ పత్రికలను చిన్నచూపు చూడొద్దు కూడా. ఈమాట 1998 నుంచి నడుస్తోంది, రచనను సమీక్షకులు చదివి ఎక్కడ బాగాలేదో చెప్పే పద్ధతి అక్కడ ఉంది. అచ్చు పత్రికల్లో నీకు దొరకనిది అదే, ఎవరో ఒకరు కూర్చుని నీ కవితను లైన్ లైన్‌గా చదవడం. సారంగ, కొలిమి, ఆడవాళ్ల కోసం నెచ్చెలి, ఇవన్నీ కొత్తవాళ్లను వేస్తున్నాయి. నవ్య, చతుర, విపుల లాంటివి ఆగిపోయాక అచ్చులో చోటు ఇంకా తగ్గింది, ఆ మేరకు ఇక్కడ పెరిగింది.

కరీంనగర్ కలం:

ఆ ఐదు వందల సంగతి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తా. పంపొద్దు తమ్ముడూ. నా దగ్గర ఒకరు అలాగే డబ్బు తీసుకున్నారు. సంకలనం వచ్చింది, వందల కవితలు, ఒక్కదాన్నీ ఎవరూ చదివి ఎంచినట్టు లేదు, నా కవితలో రెండు లైన్లు ఎగిరిపోయాయి, పక్క పేజీ కవిత చివర వచ్చి చేరాయి. పుస్తకం కాపీకి మళ్లీ వేరే డబ్బు అడిగారు. శాలువా కప్పే సభకు రమ్మంటే వెళ్లా, వేదిక మీద కవిత చదవనివ్వలేదు, ఫొటో దిగి దిగిపోవడమే. అప్పటికి నాకు ఉద్యోగం లేదు, ఆ డబ్బు మా అక్క దగ్గర తీసుకుంది, అందుకే ఇప్పటికీ కోపం పోదు.

నలుగురు మిత్రులు కలిసి తలా కొంత వేసుకుని సంకలనం తెచ్చుకోవడం వేరు, అది మన దిక్కు ఎప్పటి నుంచో ఉంది, అందులో మర్యాద ఉంది. ఎవరో తెలియనివాళ్లు ఫోన్ చేసి, నీ కవిత చదవకముందే ఎంపికైందని చెప్పి డబ్బు అడిగితే మాత్రం ఫోన్ పెట్టెయ్.

పారితోషికం గురించి కూడా ఇప్పుడే తెలుసుకో, పెద్ద పేపర్లు కొన్ని ఎంతో కొంత ఇస్తాయి, చిన్న పత్రికలు కాపీ పంపితే అదే గొప్ప. వాళ్లే చేతి డబ్బు పెట్టి నడుపుతుంటారు. కుదిరితే నీకు నచ్చిన ఒక్క పత్రికకైనా ఏడాది చందా కట్టు. మనం పత్రికలు కొనకుండా మన కవితలు వేయాలనుకుంటే అవి ఎన్నాళ్లు బతుకుతాయి?

పుస్తకం వేయడానికి కూడా తొందరపడకు. యువ పురస్కారానికి వయసు 35 దాటకూడదని ఉంది, నీకు ఇంకా బోలెడు సమయం ఉంది. ముందు పత్రికల్లో రానీ, ఎవరు ఏ కవిత ఎంచారో చూస్తే నీ బలం ఎక్కడుందో నీకే తెలుస్తుంది.

పరకాల పిలగాడు:

అందరికీ చాలా థాంక్స్. ఇంత శ్రద్ధగా నా కవితను ఇంతవరకు ఎవరూ చదవలేదు. ఆ ఫోన్ ఆయనకు కుదరదని చెప్పేశా.

అక్కా, మీరు చెప్పింది చదివాక రాత్రి కూర్చుని మళ్లీ రాశా. చివరి నాలుగు లైన్లు తీసేశా. మూడో భాగం ఇలా మార్చా:

పొద్దుగాల జెండా పాట
ఎవలి బస్తకో పెద్ద ధర పలికింది
అందరం అటు ఉరికినం
మా కుప్పకాడికి వచ్చేసరికి
సేటు గుప్పెడు కాయ తీసి విరిచి
తాలు అన్నడు
నాయిన ఆ కాయ దిక్కే చూసిండు
అమ్మ ఏరిన కాయ అది

ఇప్పుడు ఒక డౌట్. దీని పాత రూపం ఒక పేపర్‌కు పంపి మూడు నెలలు దాటింది, జవాబు లేదు. ఈ కొత్తది వెబ్ పత్రికకు పంపొచ్చా? రెండు చోట్లా వస్తే ఎట్లా?

జనగామ టీచర్:

"అందరం అటు ఉరికినం" చాలా బాగా వచ్చింది తమ్మీ, మొదటిసారి కొడుకు కూడా ఆ మందిలో కనిపించాడు. "మా కుప్పకాడికి వచ్చేసరికి" అన్నది ఉంచు, మార్చకు.

పంపొచ్చు, కానీ ముందు ఆ పేపర్‌కు ఒక చిన్న మెయిల్ పెట్టు: "ఫలానా తేదీన పంపిన జెండా పాట కవితను పరిశీలన నుంచి ఉపసంహరించుకుంటున్నాను" అని. కారణాలు రాయొద్దు, నిష్ఠూరం అసలే వద్దు. పాత మెయిల్‌కే రిప్లై కొట్టు, అప్పుడు రెండూ ఒక్కచోట ఉంటాయి. ఒక వారం ఆగి కొత్త చోటికి పంపు. ఆ వారంలో వాళ్లు పాత రూపాన్నే వేస్తామని ఫోన్ చేస్తే, కొత్త రూపం ఉంది సార్, అది వేసుకుంటారా అని అడుగు, చాలామంది ఒప్పుకుంటారు.

పంపేముందు ఒకసారి పైకి చదువుకో. వీలైతే మీ నాన్నకు కూడా చదివి వినిపించు, యార్డులో జరిగే పని ఏదైనా తప్పు రాసి ఉంటే ఆయనే చెప్తారు.

సుబేదారి పాఠకుడు:

ఇంకొక్కటి. మూడో భాగంలో "బస్తకో" అని రాశావు, పైన మొదటి భాగంలో "బస్తాల" అని ఉంది. రెండూ ఒకేలా ఉండేటట్టు చూసుకుని పంపు. వెబ్ పత్రిక ఏదో ఎంచుకునే ముందు వాళ్ల పాత సంచికల్లో కవితలు చదివి, నీ కవిత వాటి పక్కన కూర్చుంటుందో లేదో చూడు. ఏ జవాబు వచ్చినా ఇక్కడ రాయి, తిప్పి పంపినా సరే, ఏ కారణం చెప్పారో చూసి మాట్లాడుకుందాం.